పశువుల డాక్టరు ఫోను

యుద్ధం జరిగే చోట వైద్యులు కరువయ్యారు, ఫోనులో సలహా చెప్పేవాళ్లు కావాలని ఒక సంఘం అడిగితే, పిల్లల డాక్టరమ్మ ముందూ వెనకా చూడకుండా పేరిచ్చేసింది. తోటి డాక్టర్లు నవ్వారు. చెయ్యి పట్టి చూడకుండా వైద్యమేమిటి, గాలిలో దీపం పెట్టడమేగా అన్నారు. ఆమెకూ ఆ అనుమానం లేకపోలేదు. అయినా మధ్యాహ్నం రద్దీ తగ్గగానే మందుల గదిలో తలుపేసుకుని, వీడియో కాల్ కలిపి ఫోను ముందు కూర్చునేది.

ఆమె వంతుకొచ్చిన ఊళ్లో మిగిలింది పశువుల డాక్టరు ఒక్కడే. బడి కింద నేలమాళిగలో బల్లలు కలిపి ఆస్పత్రి చేశాడు. ఆవుల సంగతి తనకు తెలుసనీ, మనుషుల సంగతి ఆమే చెప్పాలనీ మొదటి రోజే ఒప్పందం చేసుకున్నాడు.

ఒకరోజు బాంబు పడ్డ ఇంట్లోంచి ఒక చిన్నపిల్లను తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ ఒకవైపే కదులుతోంది. రెండోవైపు స్టెతస్కోపు పెట్టి, ఏమీ వినపడటం లేదన్నాడతను. అక్కడ చేరిన గాలి ఊపిరితిత్తిని నొక్కేస్తోందని ఆమెకు అర్థమైంది.

"సూది గుచ్చి ఆ గాలి వదలాలి. ఎప్పుడైనా చేశారా?"

"ఒక దూడకు చేశానమ్మా. బతకలేదు."

ఏ రెండు పక్కటెముకల సందులో గుచ్చాలో తన ఛాతీ మీదే వేలు పెట్టి చూపించింది. కింది ఎముక అంచుకు ఆనించి, నిటారుగా గుచ్చమంది. బుస్సుమని గాలి పోయిన చప్పుడు వినిపించింది. అంతలో తెర నల్లబడింది. మళ్లీ చేసినా కలవలేదు.

ఇంటికొచ్చాక కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కంచం ముందు కూర్చుని లేచిపోయింది. సూది మరీ లోతుగా దిగిందా? తను చెప్పింది అతనికి సరిగ్గా వినపడిందా? మర్నాడు జలుబు చేసిన పిల్లవాణ్ణి తెస్తే, ఛాతీకి రెండువైపులా మళ్లీ మళ్లీ స్టెతస్కోపు పెట్టింది. తల్లి భయపడి ఏమైందని అడిగితే, ఏమీ లేదంటూనే ఇంకోసారి పెట్టి చూసింది. ఇంట్లో అత్తగారు ఆమె వాలకం చూసి, "ఇంత ఆరాటపడేదానివి ఆ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది కదే?" అంది.

"ఒప్పుకోకపోతే ఆ పిల్ల సంగతే తెలిసేది కాదు అత్తయ్యా."

"తెలియకపోతే నిద్రయినా పట్టేది."

సంఘంవాళ్లను అడిగితే ఆ ఊరి టవరు కూలిందన్నారు, అంతే.

నాలుగైదు రోజుల తర్వాత మందుల గదిలో ఫోను మోగింది. పశువుల డాక్టరు గొంతే. కారు బ్యాటరీతో ఫోను ఛార్జి చేసుకుని, సిగ్నలు కోసం గుట్టెక్కానన్నాడు. పిల్ల బతికింది. పక్క ఊరి పెద్దాస్పత్రికి పంపితే, క్షేమంగా చేరిందని కబురొచ్చింది.

ఆమె సంతోషించాల్సింది. ముందు కోపమొచ్చింది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పించలేకపోయావా అని గొంతు చించుకుంది. అప్పటిదాకా అతన్ని 'నువ్వు' అనలేదు. తిడుతూ తిడుతూనే ఏడ్చేసింది. అతను అంతా ఓపిగ్గా విన్నాడు.

"తిట్టండమ్మా. ఇక్కడ నన్ను తిట్టేవాళ్లు కూడా మిగల్లేదు," అన్నాడు. తర్వాత చిన్నగా దగ్గి, "కిందో ముసలాయన ఉన్నాడు. కాలు వాచి, నల్లబడుతోంది. ఫొటో తీసుకొచ్చాను," అన్నాడు.

బయట పేషెంట్లు అప్పుడే తలుపు తడుతున్నారు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పంపండి. జ్వరం ఉందా?"