మడతల్లో నడిచిన మనిషి

నేను ఊరి బడిలో ఐదు తరగతులు చదివాను. పదకొండో ఏట మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి అరవై మూడేళ్లు నేశాను. కోర్టు హాల్లో గోడ నిండా వేలాడే బొమ్మల తెర నా చేతిదే. రెండు పతకాలు, ఒక వెండి కత్తెర ఇచ్చారు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తప్పు చేసినవాడు పని రానివాడని ఎవరూ అనుకోకూడదు.

ఈ రాసేది మా చెల్లెలి గురించి. ఇంట్లో దాన్ని నిదానం అంటాం. పిలిస్తే పలికేలోగా పాలు పొంగిపోతాయి. అలాంటి మనిషి కదిలే బొమ్మలు నేసింది. తెరకి విసనకర్రలా నిలువు మడతలు పెట్టేది. ప్రతి మడతకీ ఒక పక్క ఒక బొమ్మ, రెండో పక్క ఇంకోటి. ఈ కొస నుంచి చూస్తే ఒకటి, ఆ కొస నుంచి రెండోది కనబడుతుంది. మనం నిలబడితే బొమ్మ నిలబడుతుంది, నడిస్తే నడుస్తుంది. మొదట గారడీ అని వెక్కిరించాను. పేరొచ్చాక నా శిష్యురాలని చెప్పుకున్నాను.

ఒక పొద్దున దాని భర్త, మా బావగారు, పనికి బయల్దేరి, బస్సు దిగిన చోటే కూలి ప్రాణం విడిచారు. ఆయన గడప దాటేటప్పుడు ఇది తెగిన పోగు ముడేస్తూ తలెత్తలేదు. తర్వాత ఏడవనూ లేదు. చూడొచ్చినవాళ్లు రాయి నయమని గొణుక్కున్నారు. పెడితే తినేది, లేకపోతే లేదు. వేలికి సూది దిగినా చూసుకునేది కాదు.

నెల తిరక్కుండా మగ్గం సర్దింది. నాతో ఒకటే మాట అంది.

"ఆయన ఇంటికి రావడం ఒక్కసారి చూడాలి అన్నయ్యా."

బొమ్మ గీయడం నా వంతు. ఎడమచేత క్యారేజీతో బావగారు ఒక పక్క వీధి చివర, రెండో పక్క గుమ్మంలో. ప్రదర్శన హాల్లోకి వచ్చి తెర పక్కన నడిచేవాళ్లకి ఆయన దగ్గరికి రావాలి. నిలువు మగ్గం మీద మేం వెనకవైపు నుంచి నేస్తాం, తెర ముఖం అవతలికి ఉంటుంది. అందుకని బొమ్మని కుడి ఎడమలు తిరగేసి గీయాలి. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారమే నేను నేర్పే పాఠం అది. అవతల అద్దం పెట్టుకుంటే తప్పు దొరికేదే. పూర్తయ్యేదాకా ఆయన మొహం చూడనని అద్దం వద్దంది. నా గీత ఎలా ఉంటే అలా నేసుకుపోయింది. పదకొండు నెలలు.

హాల్లో తెర కట్టిన రోజు చెల్లెలు తలుపు దగ్గర్నుంచి నడిచింది. వెనకాలే నేను. గుమ్మంలో ఉన్న బావగారు వీధి చివరికి వెళ్లిపోయారు.

నేను బొమ్మ తిరగేయలేదు.

విప్పేసి నేనే మళ్లీ నేస్తానన్నాను. అది హాలు చివర వెనక్కి తిరిగి, వచ్చిన దారినే తలుపు వైపు బయల్దేరింది, తన మామూలు నిదానంతో. ఆయన వీధి చివర కదిలి, అడుగు వెనక అడుగు, గుమ్మం దాకా వచ్చారు.

క్యారేజీ కుడిచేతిలో ఉంది. అదీ నా నిర్వాకమే. క్షమించమని ఎవర్నీ అడిగి ఎరగను. అడుగుదామని నోరు తెరిచాను.

"పోనీలే అన్నయ్యా," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "అంత దూరం నడిచారు కదా. చెయ్యి మార్చుకుని ఉంటారు."

అప్పుడూ ఏడవలేదు. ఆయన భుజం దగ్గర పోగొకటి లేచిందని, సూది ఇమ్మంది.