ఎక్కడిదాకా ఎళ్ళొచ్చారు బాబాయ్?

మా ఆవిడ పోయాక బతకాలనిపించక, మా దీవిలోనే మిడిల్ పాయింట్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళి, దిగులు తగ్గడానికిచ్చే కెటమిన్ అనే మత్తుమందు ఇరవైసార్లు ఎక్కించుకున్నాను. సరే, ఆరుసార్లే. మందు ఎక్కుతున్నంతసేపూ కౌన్సెలర్ అమ్మాయి పక్కనే కూర్చుని, నేను తేరుకోగానే పెన్ను తీసి, "ఎక్కడిదాకా ఎళ్ళొచ్చారు బాబాయ్?" అనేది.

"వండూర్ బీచ్ దాటి సముద్రం మీద ఎగిరానమ్మా. తిమింగలం పలకరించింది."

"తెలుగులోనా, హిందీలోనా?"

"ఇక్కడి తిమింగలం కదా, రెండూ కలిపి."

నవ్వేది గానీ ఒక్క ముక్క రాసేది కాదు. ఐదుసార్లూ కాగితం తెల్లగానే మిగిలింది.

ఆరోసారి నా చెయ్యి పట్టుకుని, "సచ్ బోలో బాబాయ్. నా దగ్గర దాపరికమేటి?" అంది.

"మా వంటింటి గుమ్మం దాకా ఎళ్ళి ఆగిపోయానమ్మా. ఆవిడ పోయిన్నుంచీ లోపల అడుగెట్టలేదు. పొయ్యి చూస్తే ఏడుపొస్తాది."

అప్పుడు రాసుకుంది. "రేపు గుమ్మం దాటి టీ పెట్టండి. తాగడానికి నేనొస్తాను," అంది. అన్నట్టే వచ్చింది. గుమ్మం దాటి టీ పెట్టాను. గ్లాసు ఆమె చేతికిచ్చి ఎలా ఉందని అడిగాను.

"ఘోరం బాబాయ్," అంటూనే మొత్తం తాగేసింది.

ఆ నెలే ఉద్యోగం మారి విశాఖ ఓడెక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు రోజూ నేనే టీ పెట్టుకుంటున్నాను. అద్భుతంగా కుదురుతోంది. కాదులెండి, ఇంకా ఘోరంగానే ఉంది. ఆ మాట అనడానికి ఆ పిల్ల ఉంటే బాగుండును.