లేతు మిషను మీద చింతగింజంత గుంత

మా చిన్నప్పుడు... ఆయుధపూజ ముందురోజు సాయంత్రం, మా ఊరు చింతామణిలో, ఇంటి పక్క రేకుల షెడ్డులో, కిరసనాయిలు గుడ్డ పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఏడాదికి ఆ ఒక్కరోజే నాన్న నన్ను తన లేతు మిషను దగ్గరికి రానిచ్చేవారు.

మిగతా రోజుల్లో నా చోటు గడప అవతలే. తిరిగే మిషను, నా పొడుగాటి జడ... ఆ రెండూ ఒకచోట ఉండకూడదని ఆయన నియమం. బోరు మోటార్ల ఇరుసులూ, పట్టుదారం తీసే మిషన్ల పళ్ళచక్రాలూ ఆ లేతు మీద తిరిగి కొత్తవైపోతుంటే, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలడం తలుపు దగ్గర నుంచే చూసేదాన్ని.

పూజకు తుడిచే పని మాత్రం నాది. లేతుకు బెడ్డు అని ఉంటుంది... ముందుకీ వెనక్కీ జరిగే భాగాలను మోసే రెండు పొడవాటి ఇనుప పట్టాలు. వాటిని మెత్తటి గుడ్డతోనే తుడవాలి. గరుకు కాగితం తాకకూడదు. కుంకుమ బొట్టు కూడా మిషను తల మీదే, బెడ్డు మీద కాదు.

ఏడో తరగతిలో అనుకుంటా... తుడుస్తూ తుడుస్తూ పైన పెట్టిన చక్ కీని మోచేత్తో తోసేశాను. కడ్డీని పట్టుకునే చక్కును బిగించే తాళంచెవి అది, బరువైంది. ఠంగుమని చక్కు కిందుగా బెడ్డు మీద పడింది. చింతగింజంత గుంత.

నాన్న తిట్టలేదు. వేలితో తడిమి, నూనె రాయి తెచ్చి, గుంత అంచున పైకి లేచిన ఇనుమును మాత్రం నెమ్మదిగా రుద్దారు.

"గుంత ఉంటే ఏం కాదు పాపా. గడ్డ ఉండకూడదు. గడ్డుంటే పైన పొయ్యేదానికి తగుల్తాది."

గుంత అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ తుడిచేటప్పుడు నా వేలు ముందు అక్కడికే పోయేది.

నేను బెంగళూరులో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు నాన్నకు చూపు తగ్గి మిషను అమ్మేశారు. సెలవులకు వచ్చేసరికి షెడ్డు నేల మీద నాలుగు బోల్టుల గుర్తులు. శిడ్లఘట్ట వైపు పోయిందన్నారు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నాన్న లేరు.

చిక్కబళ్ళాపురంలో మా ఇంటికి కారు షెడ్డు ఉంది, కారు లేదు. అందులో చెక్కపని మొదలుపెట్టి మెల్లగా ఇత్తడి దాకా వచ్చాను. పాత లేతు ఎక్కడైనా ఉంటే చెప్పమని తెలిసినవాళ్ళందరికీ చెప్పి ఉంచాను. కొత్తది దొరక్క కాదు... ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

శ్రావణంలో కబురొచ్చింది. శిడ్లఘట్టలో నంజుండప్ప అనే పెద్దాయన షెడ్డులో ఓ మూల ఉంది, గ్రీజూ దుమ్మూ పేరుకుపోయి. అదే పొడవు, అదే రకం. కంపెనీ పలక ఎప్పుడో ఊడిపోయింది.

"యాడ కొనిండేదప్పా దీన్ని?" అని అడిగాను.

"మా నాయన తెచ్చిండేదమ్మా. చింతామణో, మదనపల్లో... ఆయప్ప చెప్పలా, నేనడగలా."

చక్కు కింద వేలుపెట్టి తడిమాను. గట్టిపడిన గ్రీజులో ఏదో లోతు తగిలింది. గుంతా? గ్రీజు పగులా? గోటితో గీకితే తేలిపోయేది. ఆయన ముందు అంత ఆత్రం బాగుండదనుకున్నానో, కాదని తేలుతుందని భయపడ్డానో... గీకలేదు. ఇంటికి తెచ్చుకుని, కిరసనాయిలు గుడ్డతో నిదానంగా చూసుకుందామనుకున్నాను. బేరం ఖాయం చేసుకుని వస్తూ వస్తూ, ఊరికే, మర్యాదకు ఒక మాటన్నాను.

"దసరాకు వచ్చి తీసుకుపోతానప్పా. కొంచెం శుభ్రం చేసి పెట్టండి."

పైన దుమ్ము దులపమని నా ఉద్దేశం.

విజయదశమి నాడు ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్ళాను. మిషను ఒళ్ళంతా కొత్త ఆకుపచ్చ రంగు. బంతిపూల దండ. బెడ్డు అద్దంలా మెరుస్తోంది.

"మొకం చూసుకోవచ్చు చూడమ్మా," అన్నాడు నంజుండప్ప. "ఆడకూతురు తీసకపొయ్యేది, తుప్పుతో యెట్లిచ్చేది? పూజకని నేనే చేతి గ్రైండరు పెట్టి రెండు దినాలు రుద్దినా. ఆడాడ గుంతలుండె. అన్నీ పోయినాయి."

చక్కు కింద చేయి పెట్టాను. నున్నగా ఉంది.

"ఇక్కడ ఒక గుంత ఉండెనా అప్పా? చింతగింజంత?"

"ఉండెనేమో. గుంతలు లెక్కబెట్టుకుంటా రుద్దుతారామ్మా ఎవురన్నా?" అని నవ్వి, నా చేతిలో ఇన్ని బొరుగులూ పుట్నాలూ పోశాడు. ప్రసాదం.

ఏమనను? రెండు రోజులు ఒళ్ళు వంచి, ప్రేమగా పాడుచేసిన మనిషిని ఏమనను? శుభ్రం చేయమన్నది నేనే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోనులో బోలెడు ఫోటోలు తీశాను... అన్నిటిలోనూ ఆ చోట గ్రీజే.

నాతోనే ఉంటున్న అమ్మను షెడ్డులోకి తీసుకొచ్చి చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగింది.

"నేను చూసిందంతా మీ నాయన వీపే. మిషను మొకం నాకేం తెలుసు? ఆ వీపు చూపించు, చెప్తా," అంది.

మొదటి ఇత్తడి కడ్డీ పట్టి తిప్పాను. ఒక చివర లావు, ఒక చివర సన్నం. గ్రైండరు తగిలిన తీరుకు బెడ్డు ఎగుడుదిగుడైపోయింది. గుంత పోయి గడ్డలు మిగిలాయి. బెంగళూరుకు పంపితే చదును చేసిస్తారట. అంటే ఇంకో పొర పోతుంది. ఇది నాన్నది కాకపోతే పంపడానికేం... నాన్నదే అయితే? నెల నుంచీ అక్కడే ఆగిపోయాను.

జడ ఎప్పుడో కత్తిరించేసుకున్నాను. ఇప్పుడు రోజంతా మిషను పక్కనే నిలబడినా వద్దనేవాళ్ళు లేరు. నిలబడి, ఏమీ తగలదని తెలిసీ, చక్కు కింద వేలితో తడుముతుంటాను.

మా చిన్నప్పుడు పండగొస్తే వస్తువును తుడిచి, దాని గుంతలు దానికి వదిలేసేవాళ్ళం. ఇప్పుడు అన్నిటినీ మెరిపించేస్తున్నాం... ఏది మనదో వేలికి కూడా తెలియకుండా.

మీరు చిన్నప్పుడు సొట్ట పెట్టిన వస్తువేదైనా ఇంకా మీ ఇంట్లో ఉందా? బిందో, బీరువానో... ఉంటే ఇక్కడ చెప్పండి. వచ్చే పండగకు ఎవరైనా దాన్ని శుభ్రం చేసేలోపు, ఆ సొట్టకొక ఫోటో తీసి పెట్టుకోండి.