కోడలి పచ్చడి

రెండు వేల ఆరులో, పెళ్లయ్యాక నాకు మొదటి క్రిస్మస్. మాది ప్రేమ పెళ్లి. మావారి ఊరు గుండుగొలనులో అత్తయ్యగారు నన్ను ఎవరికి చూపించినా "మా అబ్బాయి చేసుకున్న అమ్మాయి" అనేవారే తప్ప, కోడలని ఒక్కసారీ అనలేదు.

పండక్కి మావారు హైదరాబాదు నుంచి రెండు డబ్బాల స్ట్రాబెర్రీలు తెచ్చారు. మధ్యాహ్నం పాస్టరు గారి కుటుంబం భోజనానికి వస్తోంది. "వీటితో పాయసం నేను చేస్తానండీ" అన్నాను గొప్పగా. ఎర్రగా నిగనిగలాడుతుంటే తియ్యగానే ఉంటాయనుకుని, రుచైనా చూడకుండా ఒక డబ్బా పళ్లు మరుగుతున్న పాలల్లో వేసేశాను. మూడు లీటర్ల పాలూ విరిగిపోయాయి! సరిగ్గా అప్పుడే వీధి గేటు చప్పుడైంది. ఏడుస్తూనే అత్తయ్యగారిని పిలిచాను.

అత్తయ్యగారు గిన్నెలోకి చూశారు. రెండో డబ్బాలోంచి ఒక పండు కొరికి, "ఇదేంటి, చింతకాయకి చెల్లెల్లా ఉంది!" అన్నారు. "ఏడవకు. ఆ పాలల్లో పంచదార పోసి దగ్గరపడేదాకా కలుపు, కోవా అవుతుంది. మిగతా పళ్లు ఇలా ఇయ్యి."

పచ్చిమిరపకాయలు వేయించి, ఆ పళ్లతో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఇంగువ పోపు పెట్టారు.

పాస్టరు గారు కోవా ఒక చెంచా తిన్నారు. పచ్చడి మాత్రం మూడుసార్లు వేయించుకుని, "ఏం పచ్చడండీ ఇది?" అని అడిగారు.

స్ట్రాబెర్రీ అనడానికి అత్తయ్యగారికి నోరు తిరగలేదు. నన్ను చూపించి, "మా కోడలి పచ్చడండీ" అన్నారు.

ఆ మాట కోసం ఇంకో మూడు లీటర్ల పాలు విరగ్గొట్టమన్నా విరగ్గొడతాను.