ఎస్తేరు దువ్వెన

సీతాఫలం గింజలు నూరితే వచ్చే వాసన ఎవరూ మెచ్చుకునేది కాదు. పచ్చిగా, చేదుగా ముక్కుకు తగులుతుంది. కళ్ళలో పడితే ఒకటే మంట. నిన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి తల గీరుకుంటూ కూర్చుంటే, కోడలు దుకాణం నుంచి తెచ్చిన పేన్ల మందు సీసా పక్కన పెట్టేసి ఆ గింజలే నూరాను. బీరువాలో చీరల కింద దాచిన పేన్ల దువ్వెన తీశాను. చెక్కది, రెండు వైపులా సన్నటి పళ్ళు, ఒక మూల కొన్ని విరిగిపోయాయి. "ఎవరిదవ్వా ఇది?" అంది పిల్ల. "నా దోస్తుది" అన్నాను. ఆ మాత్రం మాటకే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కాయి.

అరవైల మొదట్లో నన్ను తాండూరు నుంచి వికారాబాదులోని ఆడపిల్లల హాస్టలుకు చదువుకు పంపారు. మా నాయన పటేలు. కొత్త ట్రంకు పెట్టెతో, వెండి జడకుప్పెలతో దిగాను. అక్కడే కలిసిన ఎస్తేరుది కుల్కచర్ల వైపు పల్లె. వాళ్ళ అమ్మానాన్నలు మావంటి వాళ్ళ పొలాల్లో కూలి చేసేవాళ్ళు. నాకంటే కొంచెం పెద్దది, మాటలో వెటకారం ఎక్కువ. ఉన్నవి రెండే లంగాలు, కానీ జుట్టు మాత్రం మోకాళ్ళను తాకేది. ఆ జుట్టంటే దానికి ప్రాణం. సాయంత్రం మెట్ల మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని, ముందున్న పిల్లకు జడ వేయడం మా హాస్టలు పద్ధతి. దాన్ని రైలుబండి అనేవాళ్ళం. ముందు కూర్చున్నది ఇంజను, చివర కూర్చున్నది గార్డు. గార్డుకు జడ వేయాలంటే అందరిదీ అయ్యాక ముందున్న ఇంజను లేచి వెనక్కి రావాలి.

వచ్చిన కొత్తల్లోనే ఒక సాయంత్రం నా వెనక కూర్చున్న ఎస్తేరు చేయి ఆగిపోయింది. నా చెవి దగ్గరికి వంగి, "సప్పుడు జెయ్యకు. నీ తలల పేన్లున్నయి. ఐతారం బట్టలుతికేటప్పుడు బాయికాడికి రా" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎండాకాలం పెళ్ళిళ్ళలో చుట్టాల పిల్లలమంతా ఒకే బొంత మీద పడుకున్నాం, అక్కడ పట్టుకున్నాయి. బావి దగ్గర ఎస్తేరు నా ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి, నూరిన గింజలు తలకు పట్టించి, ఈ దువ్వెనతోనే దువ్వింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

"చెప్తే నాకేమొస్తది? పేన్లకు పటేలిల్లు, కూలోల్లిల్లు అని ఎరుకుంటదా? కదలకుండ కూసో."

ఆ మాట నాకు కొత్త. మా ఇల్లు పుట్టుకతోనే శుభ్రమైనదని నేను నమ్మేదాన్ని. చాలా ఆదివారాలు అలాగే నడిచింది. నా తల శుభ్రపడింది. అయితే నా తలలోవి కొన్ని దాని తలలోకి చేరాయి. అంత జుట్టులో సొంతంగా ఏరుకోవడం దానివల్ల కాలేదు, మిగతావాళ్ళను అడిగితే నా సంగతి బయటపడుతుందని అడగలేదు. ఒకరోజు వార్డెనమ్మ అందరి తలలూ చూసింది. పేన్లుంటే జుట్టు కత్తిరించాలన్నది హాస్టలు రూలు. ఎస్తేరును పక్కన నిలబెట్టింది.

నేను లేచి చెప్పాను. "అవి నావమ్మా. నా తలల నుంచే దానికి పోయినయి."

వార్డెనమ్మ నవ్వి నా తల నిమిరింది. "దోస్తు కోసం అబద్ధమాడుతున్నవా? నీకెక్కడివి బిడ్డా పేన్లు? పెద్దింటి పిల్లవు." ఎంత చెప్పినా వినలేదు. పైగా సాయంత్రం ప్రార్థన దగ్గర నన్ను ముందుకు పిలిచి, జాలిగుండె అంటే ఇదీ అని అందరికీ చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వరుస చివర ఎస్తేరు మెడదాకా కత్తిరించిన జుట్టుతో నిలబడి ఉంది. అది కూడా కొట్టింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మరునాటి నుంచి అది తనంతట తానే గార్డు చోటుకు మారింది. ఇంజను లేచి రావలసిన పని లేకుండా పోయింది. నేను ముఖం చాటేస్తే పిలిచి కూర్చోబెట్టి నా జడ వేసింది. "నువ్వు చెప్పినవ్ గదనే. ఆమె ఇనకపోతే నువ్వేం జేస్తవ్?" అంది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

చదువు అయిపోయిన రోజు స్టేషనులో నన్ను తాండూరు బండి ఎక్కించడానికి వచ్చింది. నా జడకుప్పెలు దాని చేతిలో పెట్టాను. "పెట్టుకునేటంత జుట్టు పెరగనీ, అప్పుడడుగుత" అని తిరిగి ఇచ్చేసింది. గుడ్డలో చుట్టిన దువ్వెన నా ఒళ్ళో పడేసింది. "ఉంచుకో. నీకు మల్ల పట్టుకుంటయి." బండి కదిలేదాకా నవ్వుతూనే ఉంది. ఇంట్లో అమ్మ ఆ దువ్వెనను రెండు వేళ్ళతో పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకుపోతుంటే లాక్కున్నాను. పేన్లు మన ఇంటి నుంచే పోయాయని చెప్పాను. "మనింట్ల పేన్లేంది? ఆ పిల్లల పక్కన పండితే రావా మరి" అంది అమ్మ. ఎస్తేరు మళ్ళీ నాకు కనబడలేదు. దాని జుట్టు ఎంతవరకు పెరిగిందో నాకు తెలియదు.

నిన్న మనవరాలి ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి దువ్వుతుంటే అది తనే చెప్పింది. "మా మేడం మా క్లాసు సునీతను వెనక బెంచికి పంపింది అవ్వా. దాని నుంచే అందరికి వచ్చినయంట."

"దాని తల చూసిండ్రా?"

"లేదు."

"నీది?"

"నాది ఎందుకు చూస్తరు? నీకుండవులే అన్నది మేడం."

నేను తల మొత్తం దువ్వాను. పేన్లు గుడ్డ మీద రాలాయి. తరువాత ఆ తెల్లగుడ్డను దులపకుండా, కడగకుండా, ఉన్నదున్నట్టు నాలుగు మడతలు పెట్టి సంచిలో దువ్వెన పక్కన పెట్టుకున్నాను. "గదెందుకవ్వా?" అంది పిల్ల. ఈ పొద్దున దాన్ని దింపడానికి బడికి నేనే పోతున్నాను. నా నోటిమాట ఎవరూ నమ్మరని నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఈసారి ఆ మేడంకు గుడ్డ విప్పి చూపిస్తాను.