గెలిచాక ఏడ్చిన రాజు

అశోకుడి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఉంటుంది. కలకత్తాలో పిల్లలకు చరిత్ర చెబుతూనే జుట్టు నెరిసిపోయింది. నెపోలియన్ గురించి గంటసేపు ధారగా చెప్పగలను. అశోకుడి దగ్గరకొచ్చేసరికి "మిగతాది ఇంట్లో చదువుకోండి" అని పుస్తకం మూసేస్తాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. పెదవి దాటితే పృథివి దాటుతుందని భయం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాన్న బ్యాంకు ఆఫీసరు. చిన్నప్పుడు కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఉండేవాళ్లం. మా వీధి చివర డాక్‌లో పనిచేసే శ్రీకాకుళం వాళ్ల ఇళ్లు. వాళ్లలో నూకరత్నం నా ఈడుది. బడిలో నా బెంచీలోనే కూర్చునేది. ఎంత ఇష్టమో నాకు అదంటే! సాయంత్రాలు మా మేడ మీద ఆవనూనె కలిపిన మురీ, అదే మన మరమరాలు, ఒకే పొట్లంలోంచి తినేవాళ్లం. గంగ మీద ఓడ కూత వేస్తే రత్నం కూడా బదులు కూత వేసేది. ఇప్పటికీ ఆవనూనె వాసన తగిలితే ముందు గుర్తొచ్చేది దాని నవ్వే.

ఉగాదికి మా తెలుగువాళ్ల సంఘం పిల్లలకు ఉపన్యాసాల పోటీ పెట్టేది. ఆ ఏడు విషయం, నెపోలియన్‌ని మించిన నాయకుడు ఉన్నాడా అని. కార్యదర్శిగారికి నెపోలియన్ అంటే పిచ్చి. అది తెలిసి ఆఫీసర్ల పిల్లలమంతా అలెగ్జాండర్‌నో సముద్రగుప్తుణ్ణో తెచ్చి పక్కన నిలబెట్టి, చివరికి నెపోలియనే గొప్పవాడని తేల్చేశాం. మాకు తెలుగు చదవడం రాదు. పెద్దవాళ్లు చెబుతుంటే తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవాళ్లం. రత్నం ఒక్కతే ఏమీ రాసుకోలేదు. మేడ మీద నాకు ఊరికే చెప్పి చూపించింది.

"నెపోలియన్ ఓడిపోయినాక దీవిలో కూకొని ఏడిసినాడు. అశోకుడు గెలిసినాక ఏడిసినాడు. ఓడిపోతే ఎవులైనా ఏడుస్తారు. గెలిసి ఏడిసినోడు గొప్పోడు కాడా? ఆడు సంపింది మా కళింగపోల్లనే. అయినా నాను ఆడికే ఓటేస్తాను."

ఇది ఇలాగే స్టేజీ ఎక్కితే నా నెపోలియన్ మట్టి కరవడం ఖాయమని ఆ క్షణమే తెలిసిపోయింది.

"బాగుంది గానీ, అలా మాట్లాడితే నవ్వుతారే," అన్నాను.

"ఏటి? నానేటి తప్పు సెప్పినాను?"

"విషయం కాదు, భాష. స్టేజీ మీద పుస్తకాల తెలుగు మాట్లాడాలి. ఉండు, నేను చెబుతాను, రాసుకో."

రత్నం నోటుపుస్తకం తీసింది. "సరే. నువ్వైతే నన్ను నలుగురిలో నవ్వులపాలు సెయ్యవు."

అక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "పరాజితుడైన నెపోలియన్ చక్రవర్తి ఏకాంత ద్వీపమున విలపించెను" అని మొదలుపెట్టి, దానికి నోరు తిరగని మాటలన్నీ ఏరి ఏరి ఇచ్చాను. పాపం, బెంగాలీ అక్షరాల్లో అన్నీ రాసుకుంది. నేను నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నానా? ఆ వయసులో అంత కుట్ర ఎక్కడుంటుందని నాకు నేను ఎన్నోసార్లు నచ్చజెప్పుకోబోయాను, కానీ ఏ మాట దగ్గర అది తడబడుతోందో చూసి మరీ ఆ మాటే ఉంచిన సంగతి నాకు గుర్తుంది. సాయం అలా ఉంటుందా?

పోటీ రోజున రత్నం వాళ్ల నాన్న డ్యూటీ మార్పించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రత్నం "ఏకాంత ద్వీపమున" దాకా చెప్పి ఆగిపోయింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. మాట అందిస్తానేమోనని నా వైపు చూసింది. నాకు ఆ మాట తెలుసు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అది దిగిపోయింది. బహుమతి నాకొచ్చింది. వాళ్ల నాన్న నా దగ్గరకొచ్చి, "పాపగారూ, మీరు అంత కట్టపడి నేర్పినారు. మా గుంటకే బుర్ర నేదు" అని దండం పెట్టాడు. నేను ఆ దండం పుచ్చుకున్నాను.

రత్నం నా మీద కోప్పడలేదు. మేడ మీదికి ఎప్పటిలాగే వచ్చింది, మురీ తింది. తెలుగులో మాట్లాడడం మాత్రం మెల్లగా మానేసింది.

పెళ్లయ్యాక ఊళ్లోనే మెటియాబ్రుజ్ వైపు వెళ్లిపోయిందని విన్నాను. పోయిన ఉగాదికి మనవరాలిని తీసుకుని సంఘానికి వచ్చింది. "కేమోన్ ఆఛిస్ రే?" అని బెంగాలీలో కుశలమడుగుతూ నన్ను కావలించుకుంది. నేను తెలుగులో మాట్లాడుతుంటే అది బెంగాలీలోనే జవాబులు చెప్పింది. మనవరాలికి తెలుగు ఒక్క ముక్క రాదట. "నేను నేర్పలేదే. నా తెలుగు మంచిది కాదు కదా," అంది, బెంగాలీలో, నవ్వుతూ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అలా నమ్మింది. ఇన్నేళ్లూ నమ్మింది. అప్పుడైనా నేను నోరు విప్పానా? "పోనీలే" అన్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పాల్సింది మీకు కాదు, దానికి. ఆ సంగతి నాకు తెలుసు. నేను తర్వాత పట్టుబట్టి తెలుగు రాయడం నేర్చుకున్నాను. రత్నానికి ఇది చదివేంత తెలుగు రాదు. అది తెలిసే నేను తెలుగులో రాశాను. ఇది కూడా పిరికితనమేనేమో. అయినా రాస్తుంటే గొంతులోది కొంచెం కిందికి దిగినట్టుంది.

మధ్యలో కలం పక్కనపెట్టి ఏడ్చాను కూడా. ఓడిపోతే ఎవరైనా ఏడుస్తారంది రత్నం. ఆ రోజు ఓడిపోయి కూడా అది ఏడవలేదు. గెలిచిన నాకు ఏడుపు రావడానికి ఇంతకాలం పట్టింది.