మోరి గారి పూర్వీకుడు

సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఉప్పు రాసి కాల్చిన చేప వాసన తగిలితే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో, రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో నా మొదటి మేనేజర్ మోరి గారనే జపాన్ ఆయన శుక్రవారం మధ్యాహ్నాలు నన్ను అక్కడికే భోజనానికి తీసుకెళ్ళేవారు. పొగడ్త తెలియని మనిషి. నా ప్రోగ్రాంను కాగితం మీద అచ్చు తీసి, ఒక్కో వరుస కింద స్కేలు పెట్టి చదివేవారు. ఆ స్కేలు ఆగిందంటే నా ప్రాణం పోయేది.

నా పేరు ప్రభుదాసు. ఆఫీసులో మాత్రం దాసు. మాది తెనాలి దగ్గర. అమ్మ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినపడేది. మేం క్రైస్తవులమన్న సంగతి సింగపూర్‌లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులోని తెలుగువాళ్ళు నన్ను తమలాంటివాడే అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. ఒక రోజు భోజనాల దగ్గర మురళి, "మా ఊళ్ళో సగం మంది బియ్యం మూటకి మతం మార్చేసుకున్న బ్యాచే బాస్!" అన్నాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పక్క కుర్చీలో ఉన్న మోరి గారికి తెలుగు రాదు, కానీ నా ముఖం చూశారు. సాయంత్రం పిలిచి ఏమైందని అడిగితే మొత్తం చెప్పేశాను.

ఆయన చేతిలోని స్కేలు పక్కన పెట్టారు. తర్వాత అన్నారు: "మా పూర్వీకుడు ఒక సమురాయ్. అతని ప్రభువు క్రీస్తును నమ్మాడు, కొలువంతా నమ్మింది. తర్వాత ఆ మతాన్ని నిషేధించారు. ప్రభువు రాజ్యాన్నే వదులుకుని ఓడెక్కాడు. ఆయన కథ అందరూ చెబుతారు. మావాడు ఉండిపోయాడు. క్రైస్తవుడు కాదని రుజువుగా ఏటేటా అధికారుల ముందు క్రీస్తు బొమ్మ ఉన్న పలకను కాలితో తొక్కాలి. తొక్కాడు."

"తర్వాత?"

"ఇంటికొచ్చి, గడప దగ్గరే కాళ్ళు కడుక్కుని, క్షమించమని ప్రార్థించేవాడట. అదే రోజు. ఆ ప్రార్థన ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు. కాళ్ళు కడుక్కోవడం మాత్రం మానలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆ ప్రభువు కథ ఒక్కటే చెప్పి ఉంటే సిగ్గుతో ఇంకా ముడుచుకుపోయేవాణ్ణి. యూ టీ స్టేషన్‌లో రైలు దిగగానే ఫోన్ బూత్‌లోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, ఇయ్యాల మనోళ్ళని ఎగతాళి చేస్తే నేనూ నవ్వా" అన్నాను.

"సర్లే నాయనా. రేపు నవ్వమాక" అంది అమ్మ.

మర్నాడు మురళికి నేనూ క్రైస్తవుణ్ణేనని చెప్పాను. "ముందే చెప్తే నీ ముందు అలా అనేవాణ్ణా?" అన్నాడు. ఆ తర్వాత మా స్నేహం చల్లబడింది. మోరి గారు ఒసాకా వెళ్ళిపోయారు. నేనేమీ శూరుణ్ణి కాలేదు, ఇప్పటికీ చాలాచోట్ల నోరు మూసుకుంటాను. కాకపోతే, పొద్దు గుంకేలోగా ఆ సంగతి ఎవరికో ఒకరికి ఒప్పుకుంటాను.